అద్దాల పెట్టెలో సముద్రం

(ఆదివారం ఉదయం మన తెలుగు రేడియో కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)

 ఈ కార్యక్రమంలో నాకు ముందు మాట్లాడిన పెద్దలు శాతవాహనుల గురించి, కాకతీయుల గురించి చక్కగా చెప్పారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదండీ. కంప్యూటర్లతో కుస్తీ పట్టి పొట్ట పోసుకునే కన్సల్టెంటుని. నేను చెప్పబోయే చరిత్రలో రాజులు లేరు. యుద్ధం ఒకటుంది కానీ అది మధ్యలో వచ్చి పోతుంది. ఇది ఒక నీళ్లతొట్టి చరిత్ర. సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవాలని మనుషులు ఎప్పుడు అనుకున్నారు, ఎలా సాధించారు, అందుకు ఎవరు మూల్యం చెల్లించారు అన్నది ఈ ప్రసంగం విషయం.

ఇందులోకి నేనెలా వచ్చానో ముందు చెప్పాలి. మేముండేది ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ దగ్గర. ఇక్కణ్ణుంచి సముద్రం చూడాలంటే రోజంతా కారు నడపాలి. నేను పుట్టింది భీమిలిలో. మా తాత తెప్ప మీద వేటకి వెళ్లేవాడు. అలల చప్పుడు వింటూ పెరిగినవాడికి ఇక్కడి చలికాలం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. సొంత ఇల్లు కొనుక్కున్నాక హాల్లో ఒక గోడ ఖాళీగా కనిపించింది. అక్కడ సముద్రం పెడదామనుకున్నాను. అంతే, వేరే పెద్ద ఆలోచన ఏమీ లేదు.

2022 ఏప్రిల్లో మా అమ్మ ఆర్నెల్లకని వచ్చింది. అప్పటికే ట్యాంకుకి ఆర్డరిచ్చేశాను. కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "ఒరే నాన్నా, చేపని పట్టి తిన్నామంటే అర్థముంది. పట్టుకొచ్చి ఎదురుగా కూర్చుని చూడ్డమేంట్రా?" అంది. నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ ప్రసంగమంతా ఒక విధంగా ఆవిడకి నేను చెప్పుకుంటున్న సమాధానమే అనుకోండి.

నేను ఆర్డరిచ్చినది ఆక్రిలిక్ ట్యాంకు. పొడవు 48 అంగుళాలు, వెడల్పు 24, ఎత్తు 24. అమెరికా లెక్కలో 120 గ్యాలన్లు, మన లెక్కలో సుమారు 450 లీటర్లు. ఉప్పునీళ్ల బరువే 460 కిలోల పైమాట. రాళ్లు, ఇసుక, స్టాండు కలుపుకుంటే ఆరువందల కిలోలు దాటుతుంది. ఇక్కడి చెక్క ఇళ్లలో ఆ బరువు నేల కింది దూలాలకి అడ్డంగా, గోడ వారగా పడేలా చూసుకోవాలి. ఆక్రిలిక్ బరువులో గాజుకి సగమైనా ఉండదు. దెబ్బ తగిలితే భళ్లున పగలదు. వెలుతురులో నూటికి 92 పాళ్లు లోపలికి వదులుతుంది. గీతలు మాత్రం తేలిగ్గా పడతాయి. తుడిచే గుడ్డలో ఒక్క ఇసుక రేణువుంటే చాలు, గీత పడుతుంది.

ఇంకో తేడా ఉంది. గాజు పలకల్ని సిలికాన్ జిగురుతో అతికిస్తారు. ఆక్రిలిక్‌ని అతికించరు. రెండు పలకల అంచులు తగిలేలా నిలబెట్టి, మధ్యలో సన్నటి పిన్నులు పెట్టి, ఆ సందులోకి సూదితో నీళ్లలాంటి ద్రావకం వదులుతారు. అది రెండు అంచుల్నీ కొద్దిగా కరిగిస్తుంది. అప్పుడు పిన్నులు లాగేస్తే రెండూ కలిసిపోయి ఒకే పలకవుతాయి. అంచులు నున్నగా చిత్రిక పట్టకపోయినా, ద్రావకం అందకపోయినా, ఆ అతుకులో గాలిబుడగలు మిగిలిపోతాయి.

నాకు వచ్చిన ట్యాంకులో అవే మిగిలాయి. గరాజులో సమతలంగా పెట్టి, నిండా నీళ్లు పోసి, మూడు రోజులు ఉంచాను. మూడో రోజు పొద్దున అమ్మే ముందు చూసింది. కింద అతుకు వెంబడి సన్నగా చెమట పట్టినట్టు తడి. తయారుచేసినవాళ్లు తప్పు ఒప్పుకుని వెనక్కి తీసుకున్నారు గానీ, కొత్తది రావడానికి ఆరు వారాలు పట్టింది. ఇంట్లో ఖాళీ గోడ, చేతిలో ఖాళీ సాయంత్రాలు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని ఈ తొట్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో చదవడం మొదలుపెట్టాను. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

సముద్ర జీవుల్ని గాజుతొట్టిలో పెట్టి శాస్త్రీయంగా పరిశీలించిన తొలి మనిషిగా చెప్పుకునేది ఒక బట్టలు కుట్టే ఆవిడని. పేరు జాన్ విల్‌ప్రూ పవర్. ఫ్రాన్సులో పుట్టి, పారిస్‌లో దర్జీ పని చేసి, పెళ్లయ్యాక ఇటలీలోని సిసిలీ ద్వీపంలో మెస్సీనా రేవు ఊళ్లో స్థిరపడింది. అర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతి జీవి ఒకటుంది, దానికి కాగితమంత పల్చటి గుల్ల ఉంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, సన్యాసి పీత లాగా ఎవరిదో ఎత్తుకొచ్చి దూరిందా అని పండితులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. 1832లో ఆవిడ గాజుతొట్లు చేయించి, వాటిలో అర్గొనాట్లని పెంచి, రోజూ చూసి, గుల్లని అది తనే కట్టుకుంటుందని నిరూపించింది. అంటే ఈ తొట్టి పుట్టింది అలంకారానికి కాదు, ఒక ప్రశ్నకి జవాబు వెతకడానికి.

తర్వాత కథ ఇంగ్లండుకి వస్తుంది. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ టోర్కీ సముద్రతీరంలో బతికున్న రాతి పగడాలు చూసి ముచ్చటపడింది. వాటిని పెద్ద స్పాంజికి సూదీదారంతో కుట్టి, జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చింది. ఆవిడ భర్త వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మతాధికారి. నీళ్లు మురిగిపోకుండా ఉండాలంటే గాలి కలవాలి. మోటారు లేదు, కరెంటు లేదు. అందుకని తెరిచిన కిటికీ దగ్గర ఆ నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట నుంచి ముప్పావుగంట దాకా పోస్తూ ఉండేవారు. ఆ పని చేసింది ఆ ఇంటి పనిమనిషి. ఆ అమ్మాయి పేరు ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. ఇప్పుడు నా ట్యాంకులో రెండు పంపులు రాత్రింబగళ్లు తిరుగుతాయి. మనం టీ తిరగబోసినట్టు రోజూ సముద్రాన్ని తిరగబోసిన ఆ చేతులే వాటికి పూర్వీకులు. మరుసటి ఏడు అన్నా థిన్ సముద్రపు నాచుని కూడా జాడీలో వేసి చూసింది. ఆ జీవులు మూడేళ్ల దాకా బతికాయి.

నాచు ఎందుకు పనిచేసిందో విడమర్చి చెప్పింది రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త. 1850లో ఆయన లండన్ కెమికల్ సొసైటీకి తన ప్రయోగం వివరించాడు. మంచినీళ్ల తొట్టిలో రెండు బంగారు చేపలు, కొంచెం నీటిమొక్క వేశాడు. మొక్క కుళ్లిన ఆకులతో నీళ్లు పాడవుతుంటే, వాటిని తినే నత్తల్ని వదిలాడు. చేప వదిలిన ఊపిరిని మొక్క తీసుకుంటుంది, మొక్క ఇచ్చిన ప్రాణవాయువుని చేప తీసుకుంటుంది, చెత్తని నత్త చూసుకుంటుంది. ఒకరి ఎంగిలి ఇంకొకరి అన్నం. తర్వాత ఉప్పునీళ్లతోనూ అదే చేసి చూశాడు. అప్పటికి గాజు మీద పన్ను కూడా పోయింది. 1845లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని ఎత్తేయడంతో పెద్ద గాజు పలకలు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చాయి. శాస్త్రం సిద్ధంగా ఉంది, సరుకు చౌకైంది. ఇక కావలసింది ప్రచారం చేసే మనిషి.

ఆ మనిషి ఫిలిప్ హెన్రీ గాస్. ప్రకృతి పరిశీలకుడు, గొప్ప చిత్రకారుడు, గాఢమైన దైవభక్తి కలవాడు. డెవన్ తీరంలో రాళ్ల మధ్య గుంటల్లో, ఆటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడు కనిపించే జీవుల్ని వర్ణించాడు. 1853 మే నెలలో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రపంచంలోనే తొలి ప్రజా అక్వేరియం తెరిచారు. అందులోకి చాలా జీవుల్ని సేకరించి ఇచ్చింది ఆయనే. 1854లో 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాడు. ఆ మాట జనం నోళ్లలో పడింది ఆ పుస్తకంతోనే. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపి సముద్రపు నీళ్లు చేసుకునే పద్ధతి కూడా అదే ఏడు ప్రకటించాడు.

అంతే, ఇంగ్లండుకి పిచ్చి పట్టింది. కొత్తగా వేసిన రైలు మార్గాల మీద జనం తీరానికి పరుగెత్తారు. చేతిలో బకెట్టు, సుత్తి, ఉలి. రాళ్లు పగలగొట్టి, అంటుకున్న జీవుల్ని పెకలించి, జాడీల్లో నింపి ఇళ్లకి పట్టుకెళ్లారు. వాటిలో చాలాభాగం కొద్ది రోజుల్లోనే చచ్చిపోయేవి. మళ్లీ వెళ్లేవారు, మళ్లీ తెచ్చేవారు. 1860లు గడిచేసరికి ఆ మోజు తీరిపోయింది. కానీ తీరం మునుపటిలా లేదు. గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో 'ఫాదర్ అండ్ సన్' అనే పుస్తకం రాశాడు. తను చిన్నప్పుడు తండ్రితో కలిసి చూసిన ఆ రాతిగుంటలు పూలతోటల్లా ఉండేవనీ, సేకర్తల దండు వచ్చి వాటిని దోచేసిందనీ, తన తండ్రి పుస్తకాలే ఆ దండుకి దారి చూపాయనీ, ఆ సంగతి తెలిసి ముసలాయన ఎంతో కుమిలిపోయాడనీ అందులో రాశాడు.

ఈ ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. సముద్రాన్ని ద్వేషించినవాడు దాన్ని పాడుచేయలేదు. ప్రేమించినవాడు, ఆ ప్రేమని పదిమందికీ నేర్పినవాడు పాడు కావడానికి కారణమయ్యాడు. భీమిలిలోనూ, విశాఖలో తెన్నేటి పార్కు కింద కూడా ఆటు సమయంలో అలాంటి రాతిగుంటలుంటాయి. చిన్నప్పుడు వాటిలో పీతల్ని పట్టి, కొబ్బరిచిప్పలో వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. తెల్లారేసరికి చచ్చిపోయేవి. అమ్మ అంట్లు తోముతూ తిట్టేది. నేను కొలంబస్‌లో చేస్తున్నది ఆ కొబ్బరిచిప్పని 450 లీటర్లకి పెంచడమేనా అనిపించింది.

జూన్ మధ్యలో కొత్త ట్యాంకు వచ్చింది. మూడు రోజులు నీళ్లు పోసి పెట్టాం, ఈసారి చుక్క కారలేదు. ట్యాంకు కింద స్టాండులో ఇంకో తొట్టి ఉంటుంది. పైనుంచి పొంగిన నీళ్లు గొట్టంలోంచి అందులోకి దిగుతాయి, అక్కడ శుభ్రపడి పంపుతో మళ్లీ పైకి ఎక్కుతాయి. దాన్ని సంప్ అంటారని చెబితే, "మన ఇంటి ముందున్న సంపే కదరా!" అని అమ్మ తేలిగ్గా తీసేసింది. నిజమే, మాటా అదే, పనీ అదే. ఈ సంపుకీ ఒక చరిత్రకారుడున్నాడు. విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అని, లండన్‌లో అక్వేరియం సామాను అమ్మేవాడు. తర్వాత హాంబర్గ్‌లో 1864లో తెరిచిన అక్వేరియం నడిపాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద అక్వేరియం కట్టాడు. చూపించే తొట్లలో ఉన్న నీళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నీళ్లు చీకటి భూగర్భంలో దాచి, ఆవిరియంత్రంతో ఆగకుండా తిప్పడం ఆయన పద్ధతి. కనిపించే నీళ్లు బాగుండాలంటే కనిపించని నీళ్లు అంతకు మించి ఉండాలని ఆయన నేర్పాడు. సాఫ్ట్‌వేర్‌లో సర్వర్లు చూసుకునేవాళ్లకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు ఇందాక చెప్పిన యుద్ధం దగ్గరికి వద్దాం. పాతకాలపు తొట్లకి ఇనుప చట్రం, పలకరాయి అడుగు, సందుల్లో పుట్టీ ఉండేవి. ఉప్పునీళ్లకి ఇనుము తుప్పు పట్టేది, ఆ తుప్పు చేపల ప్రాణం తీసేది. గాజుకి బదులు వాడగలిగిన పారదర్శకమైన ప్లాస్టిక్ 1930ల తొలినాళ్లలో వచ్చింది. జర్మనీలో ఓటో రోమ్ 1933లో ప్లెక్సీగ్లాస్ అని పేరు నమోదు చేశాడు. ఇంగ్లండులో అదే సరుకు పెర్‌స్పెక్స్ అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కాక్‌పిట్ మూతలు దీనితోనే చేశారు. తుపాకి గుళ్లకి ఆ మూతలు పగిలి, ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకునేవి. హెరాల్డ్ రిడ్లీ అనే కంటి డాక్టరు ఒక విచిత్రం గమనించాడు. గాజుముక్క గుచ్చుకుంటే వాచే కన్ను, ఈ ప్లాస్టిక్ ముక్కని సహించి ఊరుకుంటోంది. దాంతో 1949 నవంబరులో లండన్‌లో శుక్లం తీసిన కంట్లో ఈ ప్లాస్టిక్‌తో చేసిన కటకాన్ని అమర్చాడు.

ఇది చదివి నేను అమ్మ సూట్‌కేసులో ఉన్న ఆపరేషన్ కార్డు తీసి చూశాను. విశాఖలో ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు కంట్లో వేసిన లెన్సు పీఎంఎంఏ అని రాసి ఉంది. అది ఆక్రిలిక్ రసాయన నామం. "అమ్మా, నీ కంట్లో ఉన్నదీ మన హాల్లో ఉన్నదీ ఒకటే సరుకు" అన్నాను. ఆవిడ ట్యాంకు దగ్గరికి వెళ్లి దాన్ని వేలితో తట్టి చూసింది. "అయితే గట్టిదే" అంది. గట్టిదేనండీ. జపాన్‌లో 2002లో తెరిచిన ఒకినావా చురావుమి అక్వేరియంలో 8.2 మీటర్ల ఎత్తు, 22.5 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల మందం ఉన్న ఆక్రిలిక్ గోడ వెనక తిమింగలపు సొరచేపలు తిరుగుతాయి. పలకల్ని కలిపి ఒకటి చేయగల గుణమే అంత పెద్ద గోడని సాధ్యం చేసింది.

తొట్టి వచ్చింది, ఇక సముద్రం కావాలి. ఇక్కడ మా ఒహాయోకి ఒక గౌరవం దక్కింది. 1964లో క్లీవ్‌లాండ్ అక్వేరియంలో పనిచేసే సెగెడీ, కెల్లీ అనే ఇద్దరు కృత్రిమ సముద్రజలానికి కొత్త సూత్రం ప్రకటించారు. గాస్ వాడినవి నాలుగు లవణాలు. వీళ్లు సముద్రంలో అత్యల్పంగా ఉండే మూలకాల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆ తర్వాత ఉప్పు సంచి కొనుక్కుని ఎవరైనా సముద్రం కలుపుకోవచ్చు అన్న రోజు వచ్చింది. లీటరుకి 35 గ్రాముల చొప్పున నాకు 16 కిలోలు పట్టింది. కుళాయి నీళ్లు పనికిరావు, ఆర్వో నీళ్లే వాడాలి. కలిపిన నీళ్లని అమ్మ వేలితో తాకి నాలిక మీద వేసుకుంది. "ఉప్పుంది గానీ సముద్రం వాసన లేదు" అని తీర్పు చెప్పింది.

ఆ వాసన జీవుల నుంచి వస్తుంది. చేపల వ్యర్థాల నుంచి, కుళ్లిన మిగులు తిండి నుంచి అమ్మోనియా వస్తుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తాయి. ఈ సంగతి 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ కనిపెట్టాడు. అంటే గాస్ కాలంలో తొట్లలో చేపలు ఎందుకు చస్తున్నాయో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఈ బాక్టీరియాకి ఇల్లు కట్టడమే అక్వేరియం పెట్టడం. ఆ ఇల్లు ఎలా కట్టాలో తేలిగ్గా చూపించింది లండన్ కాదు, బెర్లిన్ కాదు. జకార్తాలో ఉండే లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అమెరికన్ పత్రికలో తన పద్ధతి రాశాడు. సముద్రంలోంచి బతికున్న రాళ్లు, అంటే రంధ్రాల నిండా జీవులున్న పాత పగడపు రాళ్లు, తెచ్చి తొట్టిలో పేర్చాడు. ఎండ తగలనిచ్చాడు, కాస్త గాలిబుడగలు వదిలాడు. అంతే. పడమటివాళ్లు మందులతో, ఫిల్టర్లతో తంటాలు పడుతున్న రోజుల్లో ఆయన తొట్టిలో పగడాలు పెరిగాయి. చాలామంది నమ్మలేదు. 1970ల తర్వాత జర్మన్లు ఆ రాళ్లకి నురుగుతో మలినాలు లాగేసే స్కిమ్మర్‌ని జోడించారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడే పద్ధతి దాదాపు అదే.

జూలై అంతా మా ట్యాంకులో రాళ్లు, ఇసుక, నీళ్లు మాత్రమే. వారానికి రెండుసార్లు పరీక్ష చేసేవాణ్ణి. అమ్మోనియా పెరిగింది, తగ్గింది. నైట్రైటు పెరిగింది, తగ్గింది. ఆగస్టు మొదటివారంలో రెండూ సున్నాకి వచ్చాయి. ఆలస్యం అమృతం విషం అంటారు. ఈ పనిలో తొందరే విషం. అది తెలిసి కూడా నేను తొందరపడ్డాను. దుకాణంలో మాండరిన్ చేప కనిపించింది. నీలం మీద నారింజ రంగు మెలికలు, కలంకారీ అద్దకంలా ఉంటుంది. "ఎక్కడిది?" అనడిగితే "ఇండో పసిఫిక్" అన్నారు. అంటే సగం భూగోళం. కొనేశాను.

మాండరిన్ చేప రాళ్ల మీద పాకే కంటికి కనిపించనంత చిన్న పురుగుల్ని రోజంతా ఏరుకుని తింటుంది. అవి ఒక తొట్టిలో సరిపడా పెరగడానికి నెలలు కాదు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. దుకాణం తిండి అది ముట్టదు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయని నేను మురిసిపోతున్నాను. "ఒరే, దాని పొట్ట వీపుకి అంటుకుపోయిందిరా" అని అమ్మ చెప్పేదాకా నాకు కనిపించలేదు. దుకాణాలన్నీ తిరిగి బతికున్న పురుగులు తెచ్చి పోశాను. అప్పటికే ఆలస్యమైంది. సెప్టెంబరు మూడో వారంలో అది చచ్చిపోయింది. తాత ఇంట్లో వేల చేపలు చూసిన మా అమ్మ ఆ ఒక్క చేపకి బాధపడింది. "ఆకలితో చంపాం రా. వలలో పడి చావడం వేరు" అంది.

ఆ రాత్రి అమ్మ ఇంకో మాట అంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తూర్పు తీరంలో మరపడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. భీమిలి నుంచి మావయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఆ రోజులు ఎలా గడుస్తున్నాయో చెప్పేవాడు. "తినడానికి పట్టేవాళ్లకే రెండు నెలలు ఆపుతారు. చూడ్డానికి పట్టేవాళ్లకి ఎవరు ఆపుతార్రా?" అంది.

ఆపారా లేదా అని వెతికాను. కథ మొదట చీకటిగానే ఉంది. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి అక్వేరియం చేపల కోసం సోడియం సైనైడ్ కలిపిన నీళ్లని పగడాల సందుల్లోకి పిచికారీ చేసేవారు. చేప మత్తెక్కి చేతికి చిక్కుతుంది. చుట్టూ పగడం చస్తుంది. తర్వాత ఇండొనేషియాకీ ఆ పద్ధతి పాకింది. ఆ విషం మొదట తగిలేది నీళ్లలో దూకే పేద జాలరికే. గాస్ కాలంలో సుత్తీ ఉలీ చేసిన పని ఇది వంద రెట్లు చేసింది. బకెట్టు పట్టుకున్న చెయ్యి మాత్రం కొనేవాడికి కనిపించకుండా పోయింది.

కానీ ఆపినవాళ్లూ ఉన్నారు. హవాయి పెద్ద ద్వీపం పడమటి తీరంలో పసుపు టాంగ్ చేపలు అక్వేరియంల కోసం ఖాళీ అవుతున్నాయని గొడవై, 1998లో చట్టం చేశారు. 1999 ఆఖరి రోజు నుంచి ఆ తీరంలో మూడో వంతుకి పైగా ఈ వేట నిషేధించారు. నిషేధం ఉన్న చోట్ల ఆ చేపలు మళ్లీ పెరిగాయి. అంటే మన వేట నిషేధం లాంటిదే, రెండు నెలలు కాదు, ఏడాది పొడవునా. 2017లో, పర్యావరణ పరిశీలన లేకుండా ఈ వేటకి అనుమతులివ్వడం చెల్లదని హవాయి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మన దేశంలో 2001లో రాతి పగడాల్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, పులి సరసన చేర్చారు. రామేశ్వరం వెళ్లినప్పుడు పగడపు ముక్క సూట్‌కేసులో వేసుకొద్దామనుకునే శ్రోతలెవరైనా ఉంటే ఇది గుర్తుంచుకోండి.

ఇంకో దారి కూడా తెరుచుకుంది. 1970ల తొలి ఏళ్లలో ఫ్లారిడాలో మార్టిన్ మో అనే ఆయన క్లౌన్ చేపల్ని తొట్టిలోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచాడు. తమిళనాడులోని మండపంలో మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లూ క్లౌన్ చేపల్ని పెంచే పద్ధతులు తయారుచేశారు. పసుపు టాంగ్ చాలా మొండికేసింది. దాని పిల్లలు వెంట్రుకంత సన్నగా ఉండి ఏ తిండీ తినక చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి ప్రయత్నించి 2015లో హవాయిలోని ఓషనిక్ ఇన్‌స్టిట్యూట్ సాధించింది. మరుసటి ఏడు ఫ్లారిడా విశ్వవిద్యాలయం వాళ్లు నీలి టాంగ్‌ని పెంచారు. మన పిల్లలు సినిమాలో చూసిన డోరీ అదే.

అక్టోబరులో అమ్మని విమానం ఎక్కించే ముందు నేనొక మాటిచ్చాను. ఇంట్లో పుట్టిన చేపే మా ఇంటికొస్తుంది, సముద్రంలోంచి లాక్కొచ్చింది రాదు అని. ఇప్పుడు మా ట్యాంకులో రెండు క్లౌన్ చేపలు, ఒక పసుపు టాంగ్ ఉన్నాయి. మూడూ తొట్లలో పుట్టినవే. పగడాలు కూడా ఇంకో అభిరుచిదారు తన తొట్టిలోంచి విరిచి ఇచ్చిన ముక్కలే, మన ఇళ్లలో మందారం కొమ్మ విరిచి ఇచ్చినట్టు. రాళ్లు మాత్రం మొదట్లో కొన్నవి, సముద్రంలోవే. ఆ అప్పు నా మీద అలాగే ఉంది.

శ్రోతల్లో ఎవరైనా ఇలాంటిది పెట్టాలనుకుంటే నాలుగు మాటలు చెబుతాను. తొట్టిని గరాజులో పెట్టి కనీసం మూడు రోజులు నీళ్లతో పరీక్షించండి. అతుకుల్లో బుడగలుంటే మొహమాటపడకుండా వెనక్కివ్వండి. చేప కన్నా ముందు బాక్టీరియాని పెంచండి. ఆ చేప ఏం తింటుందో, ఎక్కడ పుట్టిందో దుకాణంలో అడగండి. జవాబు రాకపోతే ఊరికే చూసి వచ్చేయండి.

ఇప్పుడు ఆదివారాలు వీడియో కాల్‌లో అమ్మ ముందు మనవరాలితో మాట్లాడుతుంది, తర్వాత నాతో. చివర్లో "ఏదీ, ఫోన్ అటు తిప్పు" అంటుంది. తిప్పుతాను. పసుపు టాంగ్ పొట్ట నిండుగా ఉందో లేదో చూసుకుని, "ఊఁ, తింటోంది" అని ఫోన్ పెట్టేస్తుంది. చేపని చూడ్డమేంట్రా అన్న మనిషి చూస్తోంది. ఎలా చూడాలో నాకు నేర్పింది కూడా ఆవిడే.